మ్యాచ్‌కి ముందు ఎవరి మీద కన్నేయాలి? ఫాట్‌మాబ్ యాప్ రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఫుట్‌బాల్ చూసేవాళ్ల ఫోన్‌లో ఒకే ఒక్క యాప్ ఉంచుకోమంటే నేను ఫాట్‌మాబ్ పేరే చెప్తాను. స్కోర్ ఎంత త్వరగా వస్తుంది, గోల్ పడగానే ఫోన్ మోగుతుందా లేదా అన్నవాటి జోలికి ఈ రివ్యూలో పోవడం లేదు, అవి ఇప్పుడు ఏ యాప్‌లో అయినా వస్తాయి. నేను దీన్ని ఎక్కువగా తెరిచేది మ్యాచ్ మొదలవకముందు. ఈ రాత్రి ఆడే రెండు జట్లలో ఆటని తిప్పేది ఎవరు, ఎవరు లేకపోతే జట్టు కుదేలవుతుంది, టీవీ ముందు కూర్చున్నాక బంతిని కాకుండా ఏ మనిషిని చూడాలి, ఇవన్నీ ముందే తెలిస్తే 90 నిమిషాలు ఎంత వేరుగా కనిపిస్తాయో అలవాటైనవాళ్లకే తెలుసు. ఆ పనికి ఈ యాప్ ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రాస్తాను.

యాప్ నార్వే వాళ్లది. లోపలి గణాంకాలు ఆప్టా నుంచి వస్తాయి. 1996లో లండన్‌లో మొదలైన సంస్థ అది, పెద్ద లీగ్‌లలో జరిగే ప్రతి పాస్, ప్రతి టాకిల్, ప్రతి షాట్ మైదానంలో ఏ చోట జరిగిందో గుర్తించి నమోదు చేస్తారు, అంటే టీవీలో కామెంటేటర్ చెప్పే లెక్కలూ మన ఫోన్‌లో కనిపించేవీ చాలావరకు ఒకే చోటి నుంచి వచ్చినవే. యాప్ ఉచితం. మధ్యలో యాడ్స్ వస్తాయి, అక్కర్లేదనుకుంటే డబ్బు కట్టి తీసేయించుకోవచ్చు. మ్యాచ్‌కి ముందు మనకి కావలసినదంతా ఉచితంగా వచ్చేదాంట్లోనే ఉంది.

ఈ విషయం గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మా ఫ్రెండ్ ఒకడు నెలనెలా డబ్బు కట్టి ఒక ప్రిడిక్షన్ గ్రూప్‌లో చేరాడు. వాళ్లు ప్రతి మ్యాచ్‌కీ సాయంత్రం కాగానే ఒక ఆటగాడి ఫొటో పెట్టి "ఈ రోజు కీ ప్లేయర్" అని పంపుతారు. వాడు నాకు చూపించిన వాటన్నిట్లోనూ ఉన్నది ఆ జట్టులో ఎక్కువ గోల్స్ కొట్టిన స్ట్రైకరే. "ఇది టాప్ స్కోరర్ల లిస్ట్‌లో మొదటి పేరే కదరా, దీనికి డబ్బు దేనికి?" అంటే వాడి దగ్గర జవాబు లేదు. గోల్స్ లెక్క చూసి కీలక ఆటగాడిని చెప్పడానికి ఎవరికీ ఏ పరిజ్ఞానమూ అక్కర్లేదు, పైగా చాలా మ్యాచ్‌ల విషయంలో ఆ జవాబు తప్పు. జట్టు ఎవరి మీద నిలబడి ఉందో గోల్స్ పట్టిక చెప్పదు. అది తెలియాలంటే ఆ మనిషి లేని రోజు ఏం జరిగిందో చూడాలి.

దీనికి నాకు తెలిసినంతలో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2023 డిసెంబర్ 6న విలా పార్క్‌లో ఆస్టన్ విలా, మాంచెస్టర్ సిటీ మధ్య జరిగిన మ్యాచ్‌ని మించిన ఉదాహరణ లేదు. మనకి అప్పటికి తారీఖు మారిపోయింది, రాత్రి రెండు కావస్తోంది. సిటీ అంటే అప్పటికి అంతకుముందు సీజన్‌లో మూడు కప్పులు ఎత్తిన జట్టు. ముందు వరుసలో హాలండ్ ఉన్నాడు, ఆ సీజన్ చివరికి 27 గోల్స్‌తో, లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నది కూడా అతనే. అందుకే ఆ రోజు చాలామంది మాట్లాడుకున్నది హాలండ్‌ని విలా డిఫెన్స్ ఎలా ఆపుతుందన్న దాని గురించే. కానీ లైనప్ పేజీలో కింద, ఆడనివాళ్ల వరుసలో సిటీ మిడ్‌ఫీల్డర్ పేరు ఒకటి ఉంది. రోడ్రి. అంతకు మూడు రోజుల ముందు టాటెన్‌హామ్‌తో 3-3తో ముగిసిన మ్యాచ్‌లో ఐదో ఎల్లో కార్డ్ పడి సస్పెండ్ అయ్యాడు.

ఇప్పుడు అదే యాప్‌లో సిటీ పాత ఫలితాలు వెనక్కి జరుపుకుంటూ వెళ్తే ఏం కనిపిస్తుందో చూడండి. సెప్టెంబర్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద రోడ్రికి రెడ్ కార్డ్ పడింది, మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్. ఆ మూడూ ఏవంటే న్యూకాజిల్‌తో లీగ్ కప్, వుల్వ్స్‌తో లీగ్ మ్యాచ్, ఆర్సెనల్‌తో లీగ్ మ్యాచ్. సిటీ మూడింట్లోనూ ఓడిపోయింది. అతను తిరిగొచ్చాక మళ్లీ ఓటమి లేదు. ఇదంతా విలా మ్యాచ్‌కి ముందే అందరి కళ్ల ముందు ఉన్న సమాచారం, దాచిపెట్టిన రహస్యమేమీ లేదు, ఐదు నిమిషాలు వేలితో తెర జరిపే ఓపిక ఉంటే చాలు.

ఆ రాత్రి విలా 22 షాట్లు కొట్టింది. సిటీ కొట్టినవి రెండంటే రెండు. ఆ రెండూ హాలండ్‌వే, మ్యాచ్ మొదట్లోనే, ఒకదాని వెంట ఒకటి, రెండూ విలా గోల్‌కీపర్ మార్టినెజ్ ఆపేశాడు. అప్పటివరకు సిటీ కోచ్ గార్డియోలా నడిపించిన ఏ లీగ్ మ్యాచ్‌లోనూ ఆయన జట్టు అంత తక్కువ షాట్లు కొట్టలేదు. లియాన్ బెయిలీ గోల్‌తో విలా 1-0తో గెలిచింది కానీ స్కోర్ చూసి ఆ మ్యాచ్‌ని అర్థం చేసుకోలేం, మధ్యలో బంతి అందుకుని తిరిగి ముందుకు పంపే మనిషి లేక సిటీ ఊపిరాడనట్టు ఆడింది. ఆ సీజన్ మొత్తం మీద లీగ్‌లో సిటీ ఓడింది మూడే మ్యాచ్‌లు. మూడింట్లోనూ రోడ్రి లేడు. ఆ తర్వాత 2024లో ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు అతనికి వచ్చినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు, ఈ లెక్క తెలిసినవాళ్లు పోలేదు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో ఆర్సెనల్ మ్యాచ్‌లో అతని మోకాలి లిగమెంట్ తెగింది, కొద్ది వారాలకే సిటీ అన్ని పోటీల్లో కలిపి వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడింది, సీజన్ మూడో స్థానంలో ముగించింది.

అందుకే నేను మ్యాచ్ పేజీలో మొదట చూసేది లైనప్ ట్యాబ్ అడుగున ఉండే ఆ ఆడనివాళ్ల జాబితానే. గాయమా, సస్పెన్షనా, ఎప్పటికి రావచ్చు అన్నది పేరు దగ్గరే ఉంటుంది. ఆ పేర్లలో మిడ్‌ఫీల్డర్, సెంటర్ బ్యాక్ ఉంటే ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాను. స్ట్రైకర్ లేకపోతే ఇంకొకడు గోల్ కొట్టొచ్చు, కానీ వెనక నుంచి బంతి బయటికి తెచ్చేవాడు లేకపోతే మిగతా పదిమందికీ పని పెరుగుతుంది. అతను లేని పాత మ్యాచ్‌లు ఏవో వెతికి ఫలితాలు చూస్తాను. ఒకటి రెండు ఓటములు చూసి తీర్మానం చేసేయకూడదనుకోండి, ఆ రోజు ఎదుటి జట్టు ఎవరు, ఇంట్లో ఆడారా బయట ఆడారా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఆ విలా కూడా సొంత మైదానంలో అప్పటికే లీగ్‌లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచి ఉన్న జట్టు, సిటీ ఇబ్బంది పడటానికి అది కూడా ఒక కారణమే.

తర్వాత ఆటగాళ్ల పేజీలు. ఫాట్‌మాబ్‌లో నాకు బాగా నచ్చినది ఇదే. ఆటగాడి పేరు నొక్కితే ఆ సీజన్ గణాంకాలు మొత్తంగానూ, 90 నిమిషాలకి సగటుగానూ కనిపిస్తాయి, పక్కనే అదే పొజిషన్‌లో ఆడే మిగతావాళ్లతో పోలిస్తే ఎక్కడున్నాడో పర్సంటైల్‌లో చూపిస్తుంది. 90 అని ఉంటే అతని స్థానంలో ఆడేవాళ్లలో నూటికి 90 మంది కంటే మెరుగని అర్థం. ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని వింగర్‌తో పోల్చి గోల్స్ లేవని తీసిపారేసే పొరపాటు దీంతో తప్పుతుంది. టచ్‌లు, పాస్‌లు, బంతి తిరిగి చేజిక్కించుకోవడం, డ్యూయెల్స్ (బంతి కోసం ఇద్దరి మధ్య పోటీలు) గెలవడం, ఈ వరుసల్లో పైన ఉన్న మిడ్‌ఫీల్డర్ ఎవరో ప్రతి జట్టులోనూ ఒకసారి చూసి పెట్టుకోండి, మ్యాచ్ మొదలయ్యాక పది నిమిషాలు అతన్నే గమనించండి, జట్టు అంతా ఎటు తిరుగుతోందో తెలిసిపోతుంది.

కానీ 90 నిమిషాల సగటులో ఒక ఉచ్చు ఉంది. ఒక కుర్రాడు సీజన్ మొత్తం సబ్‌గా వచ్చి 300 నిమిషాలే ఆడి 3 గోల్స్ కొట్టాడనుకుందాం, సగటు 0.9. ఇంకొకడు 2700 నిమిషాలు ఆడి 18 కొట్టాడు, సగటు 0.6. పట్టికలో మొదటివాడే పైన ఉంటాడు. అలసిపోయిన డిఫెన్స్ మీద ఆఖరి ఇరవై నిమిషాలు ఆడటం వేరు, మొదటి నిమిషం నుంచి సీజన్ పొడుగునా ఆడటం వేరు. కాబట్టి సగటు చూసే ముందు ఆడిన నిమిషాలు చూడాలి. నా వరకు 900 నిమిషాలు దాటనివాడి సగటుని పెద్దగా పట్టించుకోను.

పెనాల్టీలు ఇంకో గొడవ. 2021-22 సీజన్‌లో సలా, సన్ ఇద్దరూ చెరి 23 గోల్స్‌తో గోల్డెన్ బూట్ పంచుకున్నారు. సలా కొట్టినవాటిలో 5 పెనాల్టీలు, సన్ ఖాతాలో ఒక్క పెనాల్టీ కూడా లేదు. 2023-24లో చెల్సీకి కోల్ పామర్ 22 గోల్స్ కొడితే అందులో 9 పెనాల్టీలు. పామర్‌ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు, 11 అసిస్ట్‌లు కూడా ఇచ్చాడు, ఆ సీజన్ చెల్సీని మోసింది అతనే. కానీ ఈ రాత్రి జరిగే మ్యాచ్‌లో పెనాల్టీ పడుతుందో లేదో మనకి తెలీదు, పడకపోతే ఈ ఆటగాడి నుంచి ఎంత ఆశించవచ్చన్నది వేరే లెక్క. ఆ లెక్క ఎక్స్‌జీలో ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో దూరం, కోణం వంటివి చూసి సున్నా నుంచి ఒకటి మధ్యలో వేసే విలువ అది. పెనాల్టీకి దాదాపు 0.8 వస్తుంది, పెనాల్టీ బాక్స్ బయట నుంచి కొట్టే మామూలు షాట్లకి వందలో నాలుగైదు వంతులే. పెనాల్టీలు తీసేసిన ఎక్స్‌జీ ఎవరికి ఎక్కువుందో వాళ్లు మంచి చోట్లకి పదే పదే చేరుతున్నారని అర్థం. ఈ మధ్య గోల్స్ పడకపోయినా ఆ అంకె బాగుంటే అలాంటివాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆటగాడి పేజీలో షాట్ మ్యాప్ కూడా ఉంటుంది, చుక్కలు గోల్ ముందు గుంపుగా ఉన్నాయా దూరంగా చెల్లాచెదురుగా ఉన్నాయా అని ఒక్క చూపులో చెప్పేయొచ్చు.

రేటింగ్ సంగతికి వద్దాం, ఎందుకంటే చాలామంది యాప్ తెరిచి చూసేది అదొక్కటే. పదికి ఇచ్చే ఆ మార్కు చూడ్డానికి సులువు, కానీ మ్యాచ్‌కి ముందు ఎవరు ముఖ్యమో చెప్పే పని దానికి అప్పగించకూడదు. అది ఒక ఫార్ములా. గోల్, అసిస్ట్ వస్తే ఒక్కసారి పైకి లేస్తుంది. ఇలాంటివే ఇంకో రెండు ఉన్నాయి, సోఫాస్కోర్‌లో ప్రతి ఆటగాడూ 6.5 దగ్గర మొదలవుతాడు, హూస్కోర్డ్‌లో 6.0 దగ్గర మొదలవుతాడు. ఒకే మ్యాచ్, ఒకే ఆటగాడు, మూడు యాప్‌లలో మూడు మార్కులు. ఏది నిజం అని అడగడంలో అర్థం లేదు, ఎవరి ఫార్ములా వాళ్లది.

డిఫెండర్ల విషయంలో ఇది మరీ ఇబ్బంది. 2018-19 ప్రీమియర్ లీగ్ సీజన్ మొత్తంలో లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్‌ని డ్రిబుల్ చేసి దాటిపోయినవాడు ఒక్కడు కూడా లేడు. ఆ ఏడాది తోటి ఆటగాళ్లు ఓటేసి ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నది కూడా అతన్నే. కానీ టాకిల్స్ పట్టిక తీసి పైనుంచి వెతికితే అలాంటి డిఫెండర్ కనిపించడు, ఎందుకంటే సరైన చోట ముందే నిలబడేవాడికి కింద పడి టాకిల్ చేయాల్సిన అవసరమే తక్కువ. టాకిల్స్ ఎక్కువ ఉన్నాయంటే మంచి డిఫెండర్ కావచ్చు, అతని వైపు నుంచే ఎదుటివాళ్లు ఎక్కువగా వస్తున్నారని కూడా కావచ్చు. ఈ రెండో అర్థం మ్యాచ్‌కి ముందు చాలా పనికొస్తుంది. ఒక జట్టు రైట్ బ్యాక్ ప్రతి మ్యాచ్‌లో ఎక్కువసార్లు డ్రిబుల్‌లో దాటబడుతున్నాడంటే, ఎదుటి జట్టు లెఫ్ట్ వింగర్ డ్రిబుల్ అంకెలు ఎలా ఉన్నాయో వెంటనే చూడండి. నిజమైన కీలక ఆటగాడు చాలాసార్లు ఇలాంటి జతలోనే దొరుకుతాడు. సీజన్‌లో ఐదో స్థానంలో ఉన్న వింగర్ అయినా సరే, ఈ ఒక్క రాత్రికి ఎదురుగా ఉన్నది బలహీనమైన మనిషైతే మ్యాచ్ అతని వైపు నుంచే తెరుచుకుంటుంది.

గోల్‌కీపర్‌లకి సేవ్‌ల సంఖ్య వదిలేసి, అడ్డుకున్న గోల్స్ అనే అంకె చూడండి. గోల్ వైపు వచ్చిన షాట్లు ఎంత ప్రమాదకరమో లెక్కేసి, మామూలుగా పడాల్సిన గోల్స్ కంటే ఎన్ని తక్కువ ఇచ్చాడో చెప్తుంది. కీపర్‌కి అంతకంటే న్యాయమైన లెక్క ఇంకొకటి లేదు.

ఇక అంకెలు ఎక్కడ ఆగిపోతాయో చెప్పకపోతే ఈ రివ్యూ అబద్ధం అవుతుంది. 2022 డిసెంబర్ 18, అర్జెంటీనా, ఫ్రాన్స్ మధ్య ప్రపంచ కప్ ఫైనల్, మనకి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. ఫైనల్‌కి ముందు మెస్సీ, ఎంబాపె చెరి 5 గోల్స్‌తో సమానంగా ఉన్నారు, జిరూ, అల్వారెజ్ చెరి 4. ఏ పట్టిక తీసినా ఈ నలుగురి పేర్లే. అర్జెంటీనా వింగర్ డి మారియా పేరు ఎక్కడా లేదు. గాయం వల్ల ప్రీక్వార్టర్స్ ఆడలేదు, క్వార్టర్స్‌లో ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో కాసేపు కనిపించాడు, సెమీస్‌లో బెంచ్ దిగలేదు. ఫైనల్‌లో కోచ్ స్కలోని అతన్ని మొదటి పదకొండు మందిలో దించాడు, అది కూడా అలవాటైన కుడి వైపు కాకుండా ఎడమ వైపు. ఇరవయ్యో నిమిషం దాటగానే డెంబెలె అతన్ని పడేస్తే పెనాల్టీ వచ్చింది, మెస్సీ కొట్టాడు. 36వ నిమిషంలో రెండో గోల్ డి మారియాదే. ఆ వైపు నుంచి ఆట ఎంత దెబ్బతిందంటే మొదటి సగం ముగియకముందే ఫ్రాన్స్ కోచ్ డెంబెలెని, జిరూని బయటికి పిలిచేశాడు. డి మారియాని 64వ నిమిషంలో తీసేశాక ఫ్రాన్స్ మళ్లీ లేచి 80, 81 నిమిషాల్లో రెండు గోల్స్ వేసి 3-3 దాకా తీసుకెళ్లింది, చివరికి పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది. ఆ మ్యాచ్‌లో మెస్సీ, ఎంబాపె ఎంత గొప్పగా ఆడినా, మొదటి గంట ఆటని నడిపింది డి మారియా. టోర్నీ గణాంకాల్లో అది కనిపించే దారి లేదు. కనిపించే ఒకే ఒక్క చోటు మ్యాచ్‌కి ముందు వచ్చిన లైనప్ బొమ్మ, అందులో అతని పేరు ఎడమ పక్కన ఉండటం.

ఇది మనకి కొత్తేం కాదు. అప్పటి భారత జట్టు కోచ్, హైదరాబాదీ రహీం సాబ్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చేసింది ఇలాంటిదే. తలకి దెబ్బ తగిలి ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు, అతను సెమీస్‌లోనూ ఫైనల్‌లోనూ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం మనకొచ్చింది. అప్పట్లో ఆప్టా ఉన్నా కూడా ఆ నిర్ణయాన్ని ముందే పసిగట్టలేకపోయేది. కోచ్ బుర్రలో ఉన్నది ఏ డేటాబేస్‌లోకీ రాదు.

మన దగ్గరి మ్యాచ్ ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. ఆ సీజన్ 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ ఒగ్బెచెది, కాబట్టి హైదరాబాద్ కీలక ఆటగాడు ఎవరంటే చిన్నపిల్లాడైనా అతని పేరే చెప్తాడు, సీజన్ మొత్తానికి అది సరైన జవాబు కూడా. కానీ ఆ రాత్రి హైదరాబాద్ 0-1తో వెనకబడి ఉన్నప్పుడు 88వ నిమిషంలో సమం చేసింది సబ్‌గా దిగిన సాహిల్ తవోరా. ఆ తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనదైంది. ఇప్పుడు ఆ జట్టు హైదరాబాద్‌లో లేదు, 2025లో ఢిల్లీకి తరలిపోయింది, గచ్చిబౌలి స్టేడియం దారిలో వెళ్లినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది, కానీ ఆ ఫైనల్ మాత్రం ఎవరూ తీసుకుపోలేరు. గణాంకాలు చెప్పేది సీజన్ సగటు, ఫైనల్ ఒక్క రాత్రి. ఈ తేడా తెలిసి వాడుకుంటే యాప్ బంగారం.

మిగతావాటితో పోలిక అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. సోఫాస్కోర్‌లో హీట్‌మ్యాప్‌లు చూడటం నాకు ఇష్టం, ఏ ఆటగాడు ఏ భాగంలో ఎక్కువ తిరుగుతాడో రంగుల్లో బాగా తెలుస్తుంది. అండర్‌స్టాట్ వెబ్‌సైట్ పూర్తిగా ఎక్స్‌జీ కోసమే, యూరప్‌లోని ఐదు పెద్ద లీగ్‌లకి 2014-15 నుంచి అన్ని షాట్లూ ఉంటాయి, ఒక స్ట్రైకర్ కొన్నేళ్లుగా ఎలా కొడుతున్నాడో చూడాలంటే అక్కడికే వెళ్తాను. మ్యాచ్‌కి ముందు అరగంటలో పని అయిపోవాలంటే మాత్రం ఫాట్‌మాబ్ ఒక్కటే చాలు, గాయాలు, ఫామ్, లైనప్, ఆటగాళ్ల పర్సంటైల్ అన్నీ ఒకదాని నుంచి ఒకదానికి రెండు నొక్కుల దూరంలో ఉంటాయి. చిన్న లీగ్‌లకి వెళ్లే కొద్దీ వివరాలు పలచబడతాయి, ఇది ఏ యాప్‌కైనా తప్పదు, ఆ లీగ్‌లలో అంత వివరంగా లెక్క రాసేవాళ్లే తక్కువ.

డబ్బు పందేల కోసం దీన్ని వాడదామనుకునేవాళ్లకి ఒక మాట. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం ఉంది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, రోడ్రి లేడని ముందే తెలిసినా సిటీ రెండే షాట్లు కొడుతుందని ఎవరూ ఊహించలేరు, డి మారియా సంగతి సరేసరి. దయచేసి ఈ అంకెలని నమ్మి జేబులో డబ్బు తీయకండి. స్నేహితులతో ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడుకోండి, అది ఉచితం, వాదనలకి కావలసినంత సరుకు దొరుకుతుంది.

యాప్ వేసుకున్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ జట్టుకి లైనప్ నోటిఫికేషన్ ఆన్ చేసుకోండి. ఆడే పదకొండు మంది పేర్లు మ్యాచ్‌కి గంటో గంటంబావో ముందు వస్తాయి, అంతకుముందు చూపించేది అంచనా లైనప్ మాత్రమే, దాన్ని పట్టుకుని ఎవరితోనూ వాదించకండి. ఛాంపియన్స్ లీగ్ రాత్రుల్లో మనకి మ్యాచ్ పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలవుతుంది, ఆ నోటిఫికేషన్ చూసి, కావలసిన మనిషి ఆడుతున్నాడా లేదా తెలుసుకుని, మెలకువగా ఉండాలో పొద్దున్నే హైలైట్స్ చూసుకోవాలో తేల్చుకోవచ్చు, తెల్లారి ఆఫీసు ఉన్నవాళ్లకి ఇది చిన్న సాయం కాదు.

ఫాట్‌మాబ్ వాళ్లు ఒకటి చేస్తే నేను డబ్బు కట్టడానికి కూడా సిద్ధం. ఫలానా ఆటగాడు మొదటి నుంచి ఆడినప్పుడు జట్టు ఫలితాలు ఎలా ఉన్నాయి, లేనప్పుడు ఎలా ఉన్నాయి అని పక్కపక్కన చూపించే పేజీ. గెలుపోటములు ఒక్కటే సరిపోవు, కొట్టిన షాట్లు, ఎదుర్కొన్న షాట్లు, ఎక్స్‌జీ కూడా కావాలి. ఇప్పుడు నేను పాత మ్యాచ్‌లు ఒక్కొక్కటీ తెరిచి కాగితం మీద రాసుకుని చేస్తున్న పని అదే. ఆడనివాళ్ల జాబితాలో పేరు నొక్కగానే ఆ రెండు వరుసలూ వచ్చేస్తే చాలు.